వేసవిలో ఒక్కరోజు సాహస యాత్రలు: ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలను ఎలా సిద్ధం చేయాలి?

కొంపల్లి అమ్మ

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి, బాబు ఆరో తరగతి పరీక్షలు రాస్తున్నారు. సెలవులు ఇవ్వగానే మా కాలనీ పిల్లలను కొందరు శిక్షకులు మూడు ఆదివారాలు ఒక్కరోజు యాత్రలకు తీసుకువెళ్తామని చెబుతున్నారు. మొదటిది అనంతగిరి అడవిలో నడక, రెండోది కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్ (చిన్న పడవలో కూర్చుని తెడ్డుతో నడపడం), మూడోది మే నెలాఖరున భువనగిరి గుట్ట మీద తాడు సాయంతో బండ ఎక్కడం. పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు. మా మామగారు మాత్రం, మండుటెండల్లో పిల్లలను గుట్టలకు పంపే ఆలోచన ఎవరికి వచ్చిందని రోజూ అడుగుతున్నారు.

నిర్వాహకులు ఒక సామాన్ల జాబితా పంపారు. ట్రెక్కింగ్ బూట్లు, ప్రత్యేకమైన సంచి, నల్ల కళ్లద్దాలు, త్వరగా ఆరే దుస్తులు, ఇలా అన్నీ కొంటే ఇద్దరికీ కలిపి యాత్ర రుసుము కంటే ఎక్కువే అవుతుంది. వీటిలో నిజంగా అవసరమైనవి ఏవి? ఇంకా కొన్ని వారాల వ్యవధి ఉంది కాబట్టి, ఈలోగా పిల్లలకు ఇంట్లో ఏమేమి అలవాటు చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

జనగామ వ్యాయామ ఉపాధ్యాయుడు

అమ్మా, సామాన్ల జాబితాను కాసేపు పక్కన పెట్టండి. ఈ వయసు పిల్లల విషయంలో డబ్బు కంటే ముందుగా ఖర్చు పెట్టవలసింది తెల్లవారుజాము సమయం. రేపటి నుంచే ఇద్దరినీ ఐదు గంటలకు లేపి అరగంట నడిపించండి. వారం తరువాత గంటకు పెంచండి. దగ్గరలో చిన్న గుట్ట గాని, నాలుగైదు అంతస్తుల మెట్లు గాని ఉంటే ఎక్కించి దింపండి. ఎక్కేటప్పుడు ఊపిరి పరీక్షకు వస్తే, దిగేటప్పుడు మోకాళ్లు పరీక్షకు వస్తాయి. పిల్లలు జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే కాబట్టి, పరుగెత్తకుండా, పాదం పూర్తిగా ఆనించి దిగడం ఇప్పుడే నేర్పాలి.

కొత్త బూట్లు కొనవద్దు. బడికి వేసుకునే స్పోర్ట్స్ బూట్ల అడుగుభాగం అరిగిపోకుండా ఉంటే ఈ మూడు యాత్రలకూ అవి చాలు. ఒకవేళ కొన్నా, ఇంటి దగ్గరే రెండు వారాలు తొడిగించి నడిపించిన తరువాతే బయలుదేరాలి. నూలు మేజోళ్లు రెండు జతలు పెట్టండి. ముందు రోజు కాలిగోళ్లు కత్తిరించండి. ఈ మాటకు అందరూ నవ్వుతారు కాని, గోరు పెరిగిన బొటనవేలు దిగుడులో బూటు ముందు భాగానికి తగులుతూ ఉంటే పిల్లవాడు కుంటడం మొదలుపెడతాడు.

ఇక సంచి సంగతి. బడిసంచి బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020లో కేంద్రం తెచ్చిన బడిసంచుల విధానం చెబుతోంది. ఇక్కడా అదే లెక్క పాటించండి. మీ బాబు 35 కిలోలు ఉంటే సంచి మూడున్నర కిలోలకు మించరాదు. అందులో రెండు లీటర్ల నీళ్లే రెండు కిలోలు. మిగిలిన కిలోన్నరలో భోజనం, తువ్వాలు, ఒక జత బట్టలు సర్దాలి కాబట్టి జాబితాలోని సగం వస్తువులు వాటంతట అవే రాలిపోతాయి. సంచి సర్దవలసింది మీరు కాదు, పిల్లలే. అమ్మ సర్దిన సంచిలో ఏది ఎక్కడ ఉందో తెలియక గుట్ట మీద మొత్తం కుమ్మరించే పిల్లలను ఏటా చూస్తూనే ఉన్నాను.

పిల్లల వైద్యురాలు, హనుమకొండ

మాస్టారు చెప్పినవన్నీ సరైనవే. నేను ఎండ గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఈ మూడు చోట్లా నిజమైన ప్రమాదం ఎత్తు కంటే ఎండ వల్లనే ఎక్కువ.

శరీరం వేడికి అలవాటు పడటానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. పరీక్షల కాలమంతా ఫ్యాను కిందనో ఏసీ గదిలోనో కూర్చున్న పిల్లవాడిని ఒక్కసారిగా బండరాయి మీద నిలబెట్టడం మంచిది కాదు. మాస్టారు చెప్పిన ఉదయపు నడకతో పాటు సాయంత్రం ఐదు తరువాత రోజూ బయట ఆడనివ్వండి.

నీళ్లు దాహం వేసినప్పుడు కాదు, వేళ ప్రకారం తాగడం నేర్పండి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఎండలో శ్రమ పడుతున్నప్పుడు ప్రతి 20 నిమిషాలకూ 100 నుంచి 250 మిల్లీలీటర్లు తాగాలి. పదమూడు దాటిన వారికి ఇంకా ఎక్కువ కావాలి. మీ ఇంటి గ్లాసుతో కొలిచి, ఒకసారికి ఎన్ని గుక్కలో పిల్లల చేతనే లెక్క పెట్టించండి. ఆ లెక్కన చూస్తే రెండు లీటర్లు సగం పూటకే సరిపోతాయి కాబట్టి, బస్సులో మళ్లీ నింపుకోవడానికి మంచినీళ్లు ఉంటాయో లేదో నిర్వాహకులను అడగడం తప్పనిసరి.

చెమట బాగా పట్టినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ పొట్లం ఉంటే, దాని మీద ఎన్ని నీళ్లలో కలపమని రాసి ఉందో సరిగ్గా అన్ని నీళ్లలోనే కలపాలి. సగం నీళ్లలో కలిపితే మేలుకు బదులు కీడు చేస్తుంది. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న చెంచాతో సమంగా కొలిచి కలపండి. మందుల దుకాణాలలో అట్టపెట్టెలలో అమ్మిన తీపి పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని కొన్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే ఆ పెట్టెలు కొనకండి.

చివరగా, వడదెబ్బ గుర్తులను పిల్లలకు చెప్పి ఉంచండి. తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే నీడలో కూర్చుని పెద్దలకు చెప్పాలి. పక్కనున్న స్నేహితుడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, పలకకపోయినా అది ప్రాణాపాయం. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని అనుకోకూడదు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండవచ్చు. నీడలోకి చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోను చేయాలి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

నల్లగొండ తాతయ్య

ఈ చర్చలో నేను ఆ మామగారి పక్షం. మే నెలాఖరు అంటే రోహిణి కార్తె. రోహిణిలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మా రోజులలో కూడా పిల్లలం బావులలో ఈత కొట్టాం, గుట్టలెక్కి సీతాఫలాలు కోసుకున్నాం. అయితే ఈతకు పొద్దు పొడవక ముందే వెళ్లేవాళ్లం, గుట్టలకు వానలు పడిన తరువాత వెళ్లేవాళ్లం. సెలవులు ఉన్నాయన్న ఒక్క కారణంతో బండ ఎక్కడాన్ని తెచ్చి రోహిణిలో పెట్టడం ఎవరి సౌకర్యం కోసం? ఇక జేబులో ఉల్లిగడ్డ పెట్టి పంపమని నేను చెప్పబోను, డాక్టరమ్మ నవ్వుతారు.

పిల్లల వైద్యురాలు, హనుమకొండ

తాతగారూ, నవ్వను. ఉల్లిగడ్డను జేబులో కాకుండా మజ్జిగలో తరిగి వేయమంటాను. రోహిణి కార్తె విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

గుట్టల దారి

నేను భువనగిరిలో బండ ఎక్కడం నేర్చుకున్నవాడిని. తాతగారి ప్రశ్న న్యాయమైనదే. భువనగిరి కోట కొండంతా ఒకే బండ. ఉదయం పది దాటితే ఆ రాయి మీద అరచేయి ఆనించడం కష్టం, సాయంత్రం పొద్దు వాలిన తరువాత కూడా అది వేడిని కక్కుతూనే ఉంటుంది. కాబట్టి కొంపల్లి అమ్మగారూ, నిర్వాహకులతో మాట్లాడి మూడో యాత్రను మొదటికి, అంటే ఏప్రిల్ చివరి వారానికి మార్పించండి. ఆరింటికల్లా బండ దగ్గర ఉండాలి, తొమ్మిదిన్నరకు అందరూ కిందికి దిగి నీడలో ఉండాలి. బస్సు నాలుగున్నరకు బయలుదేరకపోతే ఇది కుదరదు. ఏడు గంటలకు బయలుదేరుదామనే నిర్వాహకులు ఎంత మంచివారైనా పిల్లలను పంపకండి.

ఈ వయసు పిల్లలకు బండ ఎక్కడం సాధ్యమా అన్న సందేహం ఎవరికీ అవసరం లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగా ఆమె మొదట తాడు పట్టింది ఈ భువనగిరి బండ మీదే. అయితే ఆ ఉదాహరణను చాలామంది సగమే చెబుతారు. భువనగిరి తరువాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ, లద్దాఖ్ చలిలో సాధన, నెలల తరబడి వడపోత జరిగాయి. ఒక్క ఆదివారం బండ ఎక్కే పిల్లలకు ధైర్యం కంటే ముందు కావలసింది ఆగమంటే ఆగే అలవాటు. శిక్షకుడు సరే అనే వరకు తాడు ముడి విప్పకూడదు, హెల్మెట్ తీయకూడదు, పైనున్నవారు రాయి జారిందని అరిస్తే తల పైకెత్తి చూడకూడదు.

భయపడి మధ్యలో ఆగిపోయిన పిల్లవాడిని కిందనున్నవారు ఎగతాళి చేయడం నేను తరచుగా చూస్తాను. మీ పిల్లలకు రెండు విషయాలు ముందే చెప్పండి. ఇక నేను దిగిపోతానని ఎప్పుడైనా, ఎంత ఎత్తులోనైనా చెప్పవచ్చు. ఇంకొకరు ఆ మాట చెప్పినప్పుడు నవ్వకూడదు.

తేనెటీగల సంగతి చాలామంది జాబితాలలో ఉండదు. పాత కోటల గోడలకు, కొండ చరియలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. సెంటు పూసుకోవడం, రాళ్లు విసరడం, కేకలు పెట్టడం, పొగ పెట్టడం నిషేధమని చెప్పండి. అవి లేస్తే చేతులు ఊపుతూ నిలబడకుండా, ముఖం కప్పుకుని వేగంగా బస్సులోకో గదిలోకో వెళ్లాలి. తాడు మీద ఉన్న పిల్లవాడు పరుగెత్తలేడు కాబట్టి, పట్టు కనిపించిన చోట ఎక్కకపోవడమే పద్ధతి.

కొంపల్లి అమ్మ

ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. తేదీల మార్పు గురించి ఈ సాయంత్రమే మాట్లాడతాను. మరొక విషయం అడగాలని ఉంది. మా పాప బడిలో మూత్రశాల బాగుండదని ఉదయం నుంచి ఇంటికి వచ్చే దాకా సరిగా నీళ్లు తాగదు. యాత్రలో కూడా అలాగే చేస్తుందని నా భయం. పైగా తనకు నెలసరి ఈ మధ్యనే మొదలైంది, తేదీలు ఇంకా కుదురుకోలేదు.

ఖమ్మం టీచరమ్మ

అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు మిమ్మల్ని అభినందించాలి. విహారయాత్రలలో కళ్లు తిరిగి కూర్చునే వారిలో ఆడపిల్లలే ఎక్కువగా ఉండటం గమనించి నేను విచారిస్తే, చాలాసార్లు తేలింది ఇదే. వాళ్లు నీరసమైన పిల్లలు కారు. మూత్రానికి ఎక్కడికి వెళ్లాలో తెలియక నీళ్లు మానేసిన పిల్లలు. డాక్టరు గారు చెప్పిన 20 నిమిషాల లెక్క ఎంత చక్కగా నేర్పినా, మూత్రశాల సంగతి తేల్చకపోతే ఆడపిల్ల దానిని పాటించదు.

కాబట్టి మూడు చోట్లా మూత్రశాల ఎక్కడ ఉంది, అక్కడ నీళ్లు వస్తాయా, ఎన్ని గంటలకు ఒకసారి ఆగుతారు, వెంట వచ్చే పెద్దలలో స్త్రీ ఉన్నారా అని నిర్వాహకులను రాతపూర్వకంగా అడగండి. స్త్రీ శిక్షకురాలో, ఒక తల్లో వెంట లేని యాత్రకు ఈ వయసు ఆడపిల్లలను నేను పంపను. అడవి నడకలో మూత్రశాల ఉండదు కాబట్టి, ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఒక పెద్దావిడతో వెళ్లడం, దుప్పటి అడ్డం పట్టడం ముందే చెప్పి ఉంచితే అక్కడికక్కడ సిగ్గుపడి బిగుసుకుపోరు.

నెలసరి తేదీలు కుదురుకోకపోయినా సంచిలో ఒక చిన్న గుడ్డసంచి ఎప్పుడూ ఉండాలి. అందులో రెండు మూడు ప్యాడ్లు, మార్చుకోవడానికి లోదుస్తులు, ముదురు రంగు ప్యాంటు, పాత కాగితం, వాడినవి చుట్టి తిరిగి తేవడానికి ఒక కవరు పెట్టండి. ఇంకా మొదలుకాని పిల్లల సంచిలోనూ ఇవి ఉండాలి, ఎందుకంటే మొదటిసారి ఎక్కడ వస్తుందో ఎవరికీ తెలియదు. నొప్పి లేకపోతే ఆ రోజులలో నడవడానికి, ఎక్కడానికి అడ్డేమీ లేదు. నీళ్లలో దిగాలా వద్దా అన్నది మాత్రం పాపకే వదిలేయండి, కారణం అడగకుండా ఒడ్డున కూర్చోనివ్వమని శిక్షకురాలికి చెప్పండి.

సికింద్రాబాద్ ఈత శిక్షకుడు

కోట్‌పల్లి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. కయాకింగ్‌కు ఈత వచ్చి ఉండాలన్న నియమం చాలా చోట్ల లేదు, లైఫ్ జాకెట్ ఉంటే చాలంటారు. నా అభిప్రాయం వేరు. ఈత పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు కాని, ముఖం నీళ్లలో మునిగినప్పుడు ఉక్కిరిబిక్కిరి కాకుండా వెల్లకిలా తేలడం వచ్చి ఉండాలి. దగ్గరలోని ఈతకొలనులో రెండు మూడు వారాలు నేర్పిస్తే చాలామంది పిల్లలకు అది వస్తుంది.

లైఫ్ జాకెట్ పిల్లల బరువుకు తగినదై ఉండాలి. అన్ని బకిళ్లూ పెట్టిన తరువాత పిల్లవాడిని చేతులు పైకెత్తమని, భుజాల దగ్గర జాకెట్‌ను పట్టి పైకి లాగండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టే. ఉక్కగా ఉందని పడవ ఎక్కిన తరువాత బకిళ్లు విప్పే పిల్లలు ఉంటారు, అది ఇంట్లోనే గట్టిగా చెప్పవలసిన మాట. పడవ బోల్తా పడితే ఒడ్డుకు ఈదబోకుండా పడవనే పట్టుకుని ఉండాలి. పడవ తేలుతుంది, వెతికేవారికి కనిపిస్తుంది.

పడవ దిగాక ఫొటోల కోసం నీటి అంచున బండల మీదికి వెళ్లడాన్ని నేను పడవ కంటే పెద్ద ప్రమాదంగా లెక్కిస్తాను. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున దిగిన హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు, పైనున్న లార్జి ఆనకట్ట నుంచి వదిలిన నీటికి కొట్టుకుపోయారు. 24 మంది పిల్లలు పోయారు. పూర్ణ శిఖరం చేరిన రెండు వారాలకే ఇది జరిగింది. కోట్‌పల్లి జలాశయం బియాస్ వంటి నది కాదు. అయినా ఆనకట్ట తూము వైపు, గట్టు దిగువన, పెద్దలు గీత గీసిన చోటు దాటి పిల్లలు అడుగు పెట్టరాదు.

డాలస్ తండ్రి

చిన్న ప్రశ్న. మా అబ్బాయి ఏడో తరగతి. మేము జూన్ మొదటి వారంలో హైదరాబాదు వస్తున్నాము, వాడి బాబాయి పిల్లలతో కలిసి అనంతగిరి నడకకు పంపవచ్చా?

పిల్లల వైద్యురాలు, హనుమకొండ

దిగిన వారంలోనే వద్దండి. ప్రయాణపు అలసట, తారుమారైన నిద్ర, అలవాటు లేని నీళ్లు, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. డాలస్‌లో ఎండలు ఉన్నా, అక్కడి పిల్లలు వాటిలో ఎంతసేపు ఉంటారో మీకు తెలుసు. రెండో వారం గడిచాక, ఉదయం పూట పంపండి. వాడికి కాచి చల్లార్చిన నీళ్లే ఇచ్చి పంపండి.

నల్లగొండ తాతయ్య

ఎండ గురించి ఇంత చెప్పారు, పిడుగు గురించి చెప్పలేదు. ఏప్రిల్, మే నెలలలో పొద్దంతా కాసి సాయంత్రానికి ఈదురుగాలితో వాన ముంచుకొస్తుంది. మా వైపు ఏటా గొర్రెలు కాసేవాళ్లు చెట్టు కింద నిలబడి పోతున్నారు. పాముల సంగతి కూడా.

గుట్టల దారి

నిజం తాతగారూ. పిల్లలకు ఒకటే నియమం చెబుతాము. ఉరుము వినిపిస్తే ఆట అయిపోయినట్టే, అందరూ బస్సులోకి రావాలి. ఒంటరి చెట్టు కింద, గుట్ట కొన మీద, నీళ్లలో ఉండకూడదు. వెంట వచ్చే పెద్దల ఫోనులో పుణె ఉష్ణప్రాంత వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్ ఉండాలి. చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. ముందు రోజు వాతావరణ శాఖ మీ జిల్లాకు వడగాలుల హెచ్చరిక ఇస్తే యాత్ర వాయిదా వేస్తారా, రుసుము తిరిగి ఇస్తారా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. డబ్బు పోతుందన్న బెంగతో పంపించే తల్లిదండ్రులు ఉన్నారు.

పాముకు మందు బూటు, చూపు. రాళ్ల సందులో చేయి పెట్టకూడదు, ఎండుటాకుల మీద అడుగు వేసే ముందు చూడాలి. ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకుండా, ఆ కాలు కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి.

జనగామ వ్యాయామ ఉపాధ్యాయుడు

భోజనం గురించి ఒక మాట. పెరుగన్నం పెట్టకండి, ఆ వేడికి మధ్యాహ్నానికి పులిసిపోతుంది. చింతపండు పులిహోర నిలుస్తుంది. బయలుదేరే ముందు పూరీలు కాకుండా ఇడ్లీ, అరటిపండు చాలు. అనంతగిరిలో కోతులు ప్లాస్టిక్ కవరు చప్పుడుకే వస్తాయి, కాబట్టి తినుబండారాలు మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

పిల్లలకు ఫోను ఇవ్వాలా అన్నది ప్రతిసారీ వచ్చే తగవు. నేను వద్దంటాను. అడవిలో సిగ్నలు అందని చోట్లు ఉంటాయి, బండ మీద ఫోను తీస్తే చూపు పక్కకు పోతుంది. అమ్మానాన్నల నంబర్లు రెండూ కంఠస్థం చేయించండి. ఇప్పటి పిల్లలకు పద్యం వస్తుంది గాని తండ్రి ఫోను నంబరు రాదు.

ఖమ్మం టీచరమ్మ

ఫోను విషయంలో మాస్టారుతో నేను విభేదిస్తాను. బస్సు ఆలస్యమైనప్పుడు చీకట్లో ఎదురుచూసే తల్లికి ఆ ఫోను అవసరం. పిల్లల దగ్గర కాకపోయినా ఒక శిక్షకురాలి దగ్గర అందరి నంబర్లు ఉండి, గంట గంటకూ సందేశం పంపే ఏర్పాటు ఉండాలి.

కొంపల్లి అమ్మ

నిర్వాహకులతో మాట్లాడాను. బండ ఎక్కడాన్ని ఏప్రిల్ చివరి ఆదివారానికి మార్చడానికి ఒప్పుకున్నారు, బస్సు నాలుగున్నరకే కదులుతుంది. అనంతగిరి నడకను వానలు పడిన తరువాత జులైలో ఒక సెలవు రోజుకు జరిపారు. ఇది విని మా మామగారు తానూ వస్తానన్నారు. కోట్‌పల్లికి ఇద్దరు తల్లులం వెంట వెళ్తున్నాము. వడగాలుల హెచ్చరిక ఉంటే రుసుము తిరిగి ఇస్తారా అన్నదానికి మాత్రం ఇంకా సమాధానం రాలేదు. రాతలో ఇచ్చే వరకు డబ్బు కట్టవద్దని మా కాలనీ వాళ్లమంతా అనుకున్నాము. సామాన్లలో టోపీలు రెండు, నీళ్ల సీసాలు రెండు మాత్రమే కొన్నాము.

చివరిగా ఒకటి. బాబుకు కళ్లజోడు ఉంది. బండ మీద గాని, నీళ్లలో గాని అది జారిపోతే ఏం చేయాలి?

సికింద్రాబాద్ ఈత శిక్షకుడు

కళ్లజోళ్ల దుకాణంలో తల వెనక బిగించుకునే సాగే తాడు దొరుకుతుంది, అది వేయండి. పాత జోడు ఇంట్లో ఉంటే గట్టి డబ్బాలో పెట్టి శిక్షకురాలి సంచిలో ఉంచండి. కొత్త జోడుతో నీళ్లలోకి పంపకండి.